ఒకే గడ్డలో రెండు చావులు: సీఎల్ఎల్ పేషెంటులో టీబీ బయటపడిన కేసు

మూడేళ్ల క్రితం మొదలైన కేసు ఇది. సీఎల్ఎల్ అంటే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా, ఒక రకం రక్తక్యాన్సర్. పేషెంటు అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. హెమటాలజీ చదువుతున్న పిల్లలే కాదు, జిల్లాల్లో టీబీ చూసే డాక్టర్లు, మందుల షాపుల్లో కూర్చునే ఫార్మసిస్టులు కూడా దీన్ని చదవాలని నా కోరిక. కాలు జారే చోట్లు ఈ కేసులో చాలా ఉన్నాయి. ఒకచోట మేమూ జారాం.

పెద్దాయనకు 61 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఊరు నల్గొండ వైపు. పెద్ద కూతురు వెంటబెట్టుకొని తీసుకొచ్చింది. రెండు నెలలుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మెడకు రెండు పక్కలా గడ్డలు. ఊళ్లో రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 1,38,000 ఉన్నాయి. మిషన్ తప్పు చూపిస్తోందేమోనని ల్యాబు అబ్బాయి రెండోసారి చేశాడట. హిమోగ్లోబిన్ 9.1, ప్లేట్‌లెట్లు 88,000. ప్లీహం పక్కటెముకల కింద ఐదు సెంటీమీటర్లు చేతికి తగులుతోంది.

స్మియర్ నేనే చూశాను. ఫీల్డు నిండా చిన్న చిన్న లింఫోసైట్లు, మధ్యమధ్య చితికి మరకల్లా పరుచుకున్న కణాలు. వాటిని స్మడ్జ్ సెల్స్ అంటాం. స్లైడు మీద రక్తాన్ని లాగేటప్పుడు పెళుసుగా ఉన్న లింఫోసైట్లు నలిగి అలా అవుతాయి. కణాల మీది గుర్తులు చూసే ఫ్లో సైటోమెట్రీలో సీడీ5, సీడీ19, సీడీ23 మూడూ పాజిటివ్. అంటే సీఎల్ఎల్, బీ లింఫోసైట్లలో పుట్టి మెల్లగా నడిచే రక్తక్యాన్సర్. క్రోమోజోముల లోపాలు చూసే ఫిష్ పరీక్షలో 17పీ డిలీషన్ వచ్చింది. సీటీలో కడుపులో ఒక గడ్డ 6 సెంటీమీటర్లు. ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన ఒక పాత మచ్చ. రిపోర్టులో "పాత మానిన గుర్తు" అని రాశారు. నేనూ దాన్ని అలాగే చదివి పక్కన పెట్టాను.

గుండె లయ తప్పే జబ్బు కూడా ఉంది. అందుకోసం రక్తం పలచబడే అపిక్సబాన్ వాడుతున్నారు.

చావమంటే చావని కణం

17పీ డిలీషన్ అంటే 17వ క్రోమోజోములో పొట్టి భుజం కొంత ఊడిపోవడం. టీపీ53 అనే జన్యువు ఉండేది అక్కడే. కణంలో డీఎన్ఏ బాగు చేయలేనంతగా దెబ్బతింటే "ఇక నువ్వు పోవాల్సిందే" అని హుకుం ఇచ్చేది అది తయారుచేసే ప్రోటీనే. మామూలు కీమోథెరపీ డీఎన్ఏను దెబ్బతీసి, తర్వాత ఈ హుకుం మీదే ఆధారపడుతుంది. హుకుం ఇచ్చేవాడే లేకపోతే కీమో ఎంత పోసినా కణం చావదు. అందుకే 17పీ పోయిన సీఎల్ఎల్‌కి పాత కీమో పనికిరాదు.

1972లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో పనిచేస్తున్న కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు ఈ రకం చావుకు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకులు రాలడాన్ని చెప్పే గ్రీకు మాట అది. ఎండిన ఆకు రాలితే కొమ్మకు గాయం కాదు. కణం కూడా అలాగే ముడుచుకొని, కేంద్రకాన్ని తునకలు చేసుకొని, ఆ తునకల్ని పొర ఉన్న చిన్న మూటలుగా కట్టుకుంటుంది. పక్కనున్న మాక్రోఫేజ్, అంటే చెత్తనూ క్రిముల్నీ మింగే కణం, వచ్చి వాటిని మింగేస్తుంది. చప్పుడుండదు, చీముండదు, జ్వరముండదు.

ఈ చావును ఆపి పట్టుకునేది బీసీఎల్-2 అనే ప్రోటీన్. 1980ల మధ్యలో ఒక రకం లింఫోమాలో దాని జన్యువును కనిపెట్టారు. 1988లో మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ దాని అసలు పని బయటపెట్టారు. అది కణాన్ని వేగంగా విభజించదు, చావకుండా కాపాడుతుంది. ఒక జన్యువు కేవలం చావును ఆపడం ద్వారా క్యాన్సర్‌కు దారి వేయగలదని అప్పుడే తెలిసింది. సీఎల్ఎల్‌లో జరిగేది అచ్చంగా ఇదే. ఈ లింఫోసైట్లు ఆదరాబాదరాగా పెరగవు. పోవాల్సిన సమయానికి పోవు, అంతే. పోకుండా పోగుపడి పోగుపడి లక్ష దాటుతాయి. చాలామంది పేషెంట్లలో 13వ క్రోమోజోము మీద రెండు మైక్రో ఆర్ఎన్ఏలు పోతాయి. బీసీఎల్-2ని అదుపులో పెట్టేవి అవే.

వెనెటోక్లాక్స్ అనే సీఎల్ఎల్ మాత్ర ఈ బీసీఎల్-2 గాడిలో కూర్చుంటుంది. అంతవరకు బీసీఎల్-2 చేతిలో బందీలుగా ఉన్న చావు ప్రోటీన్లు విడుదలవుతాయి. మైటోకాండ్రియాకు రంధ్రాలు పడతాయి, సైటోక్రోమ్-సీ బయటికొస్తుంది, కణాన్ని లోపల్నుంచి కోసే కాస్పేజులు అనే ఎంజైములు మేల్కొంటాయి. టీపీ53 హుకుం అక్కర్లేదు, ఎందుకంటే మందు పనిచేసేది ఆ హుకుంకి దిగువన. 17పీ పోయిన సీఎల్ఎల్‌కే అమెరికాలో 2016 ఏప్రిల్‌లో దీనికి మొదటి అనుమతి వచ్చింది. దీనికి ముందొచ్చిన నావిటోక్లాక్స్ బీసీఎల్-2తో పాటు బీసీఎల్-ఎక్స్ఎల్‌ని కూడా పట్టుకునేది. ప్లేట్‌లెట్లు బతికేది ఆ ఎక్స్ఎల్ అండతోనే. దాంతో మందు వేసిన ప్రతిసారీ ప్లేట్‌లెట్లు పడిపోయేవి. వెనెటోక్లాక్స్‌ను ఎక్స్ఎల్ జోలికి వెళ్లకుండా తయారుచేశారు.

సీఎల్ఎల్ కోసం వాడే ఇంకో రకం మాత్రలు, బీటీకే మందులు, గుండె లయను తప్పించగలవు, రక్తస్రావం పెంచగలవు. అవి మా పెద్దాయనకు కుదరవు. గుండె లయ ఇప్పటికే తప్పి ఉంది, రక్తం పలచబడే మందు నడుస్తోంది, ప్లేట్‌లెట్లు తక్కువ. అందుకని వెనెటోక్లాక్స్ ఒక్కటే అనుకున్నాం.

మెట్టు మెట్టుగా

ఈ మందు తొలి ట్రయల్స్‌లో కొందరు ట్యూమర్ లైసిస్‌తో చనిపోయారు. లక్షల కోట్ల కణాలు ఒక్కసారిగా చస్తే వాటిలోని పొటాషియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్ రక్తంలోకి కుమ్మరించినట్టు వస్తాయి. కిడ్నీలు ఆగిపోతాయి, గుండె ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు ఐదు వారాల మెట్లు: 20, 50, 100, 200, 400 మిల్లీగ్రాములు. ఈయనకు లింఫోసైట్లు లక్ష పైన, కడుపులో గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటింది కాబట్టి రిస్కు ఎక్కువ. మొదటి రెండు మెట్లకూ వార్డులో పెట్టుకున్నాం. సెలైన్, అలోప్యూరినాల్, ఆరు గంటలకోసారి రక్తపరీక్ష.

మొదటి 20 మిల్లీగ్రాముల మాత్ర వేసిన రాత్రి ఆయనకంటే నాకే టెన్షన్ ఎక్కువ. పొటాషియం 4.3 నుంచి 5.1కి, ఫాస్ఫరస్ 3.9 నుంచి 5.4కి ఎక్కాయి, అక్కడే ఆగి మర్నాటికి దిగాయి. వారంలో లింఫోసైట్లు సగానికి పడ్డాయి. ఫాస్ఫరస్ రిపోర్టు చూసినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించింది మన భీమవరంలో పుట్టిన ఆయనే. ఇప్పటి యంత్రాలు కూడా ఫాస్ఫరస్‌ని మాలిబ్డేట్‌తో కలిపే కొలుస్తాయి. ట్యూమర్ లైసిస్ వార్డులో రాత్రి డ్యూటీ చేసే ప్రతి తెలుగు పీజీకీ ఈ సంగతి తెలిసుండాలి.

డిశ్చార్జి రోజున కూతురికి మూడు జాగ్రత్తలు రాసిచ్చాను. మాత్ర కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే ఒంటికి పట్టేది మూడో వంతు కూడా ఉండదు. నాకు ఫోన్ చేయకుండా వేరే ఏ మందూ, చివరికి గొంతునొప్పికి యాంటీబయాటిక్ కూడా, వాడొద్దు. పంపర పనస తినొద్దు. మూడోది విని ఆమె ఆశ్చర్యపోయింది. గ్రేప్‌ఫ్రూట్ వద్దని కంపెనీ కాగితంలో ఉంటుంది, కానీ మన ఊళ్లల్లో గ్రేప్‌ఫ్రూట్ ఎవరు తింటారు? దానికి కన్నతల్లి లాంటిది పంపర పనస. ఈ మందును విరగ్గొట్టే సీవైపీ3ఏ అనే ఎంజైమును అడ్డుకునే పదార్థాలు దాన్లోనూ ఉన్నాయి.

కరగని ఒక్క గడ్డ

ఐదో వారానికి 400కి చేరాం. ఏడో వారంలో వచ్చినప్పుడు లింఫోసైట్లు 6,000. చంకల్లో గడ్డలు చేతికి తగలట్లేదు, ప్లీహం లోపలికి పోయింది. మందు అద్భుతంగా పనిచేస్తోందని చెప్పబోతుంటే పెద్దాయన చొక్కా కాలరు పక్కకు లాగి చూపించారు. ఎడమవైపు మెడ కింద, కాలర్ బోన్ పైన, నిమ్మకాయంత గడ్డ.

"సాయంత్రమైతే చాలు, ఒళ్లు సలసల కాగుతది డాక్టరమ్మా. తెల్లారేసరికి బనీను పిండొచ్చు" అన్నారు. మూడు కిలోలు తగ్గారు కూడా.

"అన్ని గడ్డలూ కరిగినయి కదా మేడమ్, ఇదొక్కటే ఎందుకు లేస్తుంది?" అని కూతురు అడిగింది. ఆ ప్రశ్నే ఈ కేసు మొత్తానికి తాళంచెవి.

మా చదువు ప్రకారం వెంటనే తట్టే జవాబు రిక్టర్ ట్రాన్స్‌ఫర్మేషన్. మెల్లగా నడిచే సీఎల్ఎల్ ఉన్నట్టుండి ఉధృతమైన లింఫోమాగా మారడం. 17పీ పోయినవాళ్లలో ఆ భయం ఎక్కువ. అన్నీ దానికే సరిపోతున్నాయి. ఒక్క గడ్డే పెరగడం, జ్వరం, చెమటలు, కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ 480. పెట్ స్కాన్‌లో ఆ గడ్డ చక్కెరను ఎంత లాగుతోందో చెప్పే ఎస్‌యూవీ 13, రిక్టర్‌ని అనుమానించడానికి మేం వాడే 10 గీత కంటే పైన. బయట ఒకచోట సూదిపరీక్ష చేయించి తెచ్చారు. "నెక్రోసిస్, అనుమానాస్పద లింఫాయిడ్ కణాలు, హై గ్రేడ్ మార్పు కావచ్చు" అని రిపోర్టు.

అదే రోజు రిక్టర్‌కి కీమో మొదలుపెట్టి ఉంటే ఈ కేసు వేరేలా రాయాల్సి వచ్చేది. జ్వరం సాయంత్రాలే ఎందుకు వస్తోందన్నది నన్ను ఆపింది. పాత ఎక్స్‌రే మళ్లీ తీశాను. కుడి పైభాగాన ఆ మచ్చ. "ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?" అని ఈసారి సూటిగా అడిగాను. పాతికేళ్ల కింద తమ్ముడికి వచ్చింది, ఒకే ఇంట్లో ఉండేవాళ్లం, పూర్తిగా మందులు వాడి బాగయ్యాడు అన్నారు. మొదటి రోజు నేను అడిగింది "మీకు టీబీ ఉందా" అని. దానికాయన "లేదు" అన్నారు. ఆ జవాబులో తప్పేం లేదు, ప్రశ్నలోనే ఉంది.

కోర్ బయాప్సీ చేయించాను. ఇక్కడే మేం జారిన చోటు. తీసిన ముక్కలన్నీ ఫార్మాలిన్‌లోనే వేసి పంపారు. ఫార్మాలిన్ పడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, కల్చర్ చేయలేం, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష ఫలితమూ నమ్మలేం. కొంత ముక్క మామూలు సెలైన్‌లో వేయాలని నేను కాగితం మీద రాయలేదు, నోటితో చెప్పి ఊరుకున్నాను. ఆ ముక్కల్లో ఉన్నదంతా చచ్చిన కణజాలమే, నిర్ణయానికి చాలలేదు. మళ్లీ సర్జన్‌ని బతిమాలి గడ్డ మొత్తం తీయించేసరికి తొమ్మిది రోజులు పోయాయి. ఆ తొమ్మిది రోజులూ ఆయనకు సాయంత్రం జ్వరం వస్తూనే ఉంది. అప్పటి నుంచి మా దగ్గర గడ్డ బయాప్సీ రిక్వెస్టు మీద "సగం ఫార్మాలిన్, సగం సెలైన్" అని అచ్చు వేయించాం.

స్లైడు మీద

పాథాలజీ గదిలో డబుల్ హెడ్ మైక్రోస్కోపు దగ్గర పక్కపక్కన కూర్చొని చూశాం. ఇన్నేళ్లలో ఎన్నో స్లైడులు చూశాను, ఇంత స్పష్టంగా రెండు చావులు ఒకేచోట కనిపించింది ఇదొక్కటే.

గడ్డ అంచున చిన్న చిన్న సీఎల్ఎల్ లింఫోసైట్లు. వాటిలో అక్కడక్కడా ముడుచుకుపోయిన కణాలు. చుట్టూ గులాబీ రంగు కుంచించుకుపోయి, కేంద్రకం నల్లటి మిరియపు గింజల్లా గుండ్రని తునకలైంది. పక్కనే ఒక మాక్రోఫేజ్ కడుపులో అలాంటి తునకలు నాలుగైదు. చుట్టుపక్కల కణాలు నిమ్మళంగా ఉన్నాయి, ఏమీ జరగనట్టే. ఇది వెనెటోక్లాక్స్ చేసిన పని.

స్లైడును నాలుగు మిల్లీమీటర్లు లోపలికి జరిపితే దృశ్యం మారిపోయింది. మధ్యలో కణం అన్నదే లేదు. అంచులు చెరిగిపోయి, గులాబీ రంగులో రవ్వరవ్వగా, విరిగిన పాల ముద్దలా. కేజియస్ నెక్రోసిస్, కణాలు పద్ధతి లేకుండా పగిలి చచ్చిన చోటు, టీబీ తీరు. దాని చుట్టూ ఎపిథెలాయిడ్ కణాల కట్ట, ఆ కట్టలో గుర్రపు లాడం ఆకారంలో కేంద్రకాలు పేర్చుకున్న లాంగ్‌హాన్స్ జెయింట్ సెల్. టీబీ క్రిమిని ఎర్రగా చూపించే జీల్ నీల్సన్ రంగు వేస్తే చాలాసేపు వెతికాక మూడు ఎర్రటి సన్నటి కడ్డీలు దొరికాయి. సెలైన్‌లో పంపిన ముక్కలో సీబీనాట్ టీబీ పాజిటివ్, రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేసే రకం. పెద్ద లింఫోమా కణాలు ఒక్కటీ లేవు. రిక్టర్ కాదు.

పెట్ స్కాన్ అబద్ధం చెప్పలేదు. చక్కెరను ఆబగా లాగే కణాలు ఉన్నాయని మాత్రమే అది చెప్పింది. టీబీ గడ్డలో రగులుతున్న మాక్రోఫేజులు కూడా అలాగే లాగుతాయి. 13 అన్న అంకెను మన దేశంలో చదివేటప్పుడు టీబీని పక్కన పెట్టుకొనే చదవాలి. ప్రపంచంలో టీబీ వచ్చే ప్రతి నలుగురిలో ఒకరు మన దేశస్థులే.

టీబీ క్రిమి ఆడే ఆట

మాక్రోఫేజ్ టీబీ క్రిమిని మింగాక దాని చేతిలో ఉన్న మంచి ఆయుధం తను పద్ధతిగా చావడమే. మూటలు కట్టుకొని చస్తే క్రిమి ఆ మూటలోనే ఉండిపోతుంది. ఇంకో మాక్రోఫేజ్ వచ్చి ఆ మూటను మింగి లోపలి క్రిమిని కూడా అరిగించుకుంటుంది. ఆ క్రమంలో టీ కణాలకు శత్రువు ఆనవాళ్లు కూడా అందుతాయి.

క్రిమికి ఇది నచ్చదు. ల్యాబుల్లో దశాబ్దాలుగా పెంచుతున్న టీబీ రకాల్లో హెచ్37ఆర్ఏ సాధువు, హెచ్37ఆర్‌వీ ఉధృతమైనది. మనిషి ఊపిరితిత్తుల మాక్రోఫేజుల్లో పరీక్షిస్తే సాధు రకం సోకినప్పుడు అపాప్టోసిస్ ఎక్కువ, ఉధృత రకం సోకినప్పుడు తక్కువ. నువోజీ అనే ఒక్క జన్యువును తీసేస్తే ఉధృత రకం కూడా కణాన్ని చావకుండా ఆపలేకపోతుందని 2007లో చూపించారు. పద్ధతిగా చావనివ్వకుండా ఆపి, తను పెరిగాక కణాన్ని పగలగొట్టి బయటపడటం దాని ఎత్తుగడ. అదే నెక్రోసిస్. పగిలిన కణం నుంచి క్రిమి బయటికి చిమ్ముతుంది, ఊపిరితిత్తుల్లో అయితే దగ్గులో ఎగిరి ఇంకొకరికి చేరుతుంది.

పద్ధతిగా చావడానికి కణానికి శక్తి కూడా కావాలి, అంటే ఏటీపీ కావాలి. అది అడుగంటితే అపాప్టోసిస్ మొదలైన కణం కూడా మధ్యలోనే నెక్రోసిస్‌లోకి జారిపోతుంది. 1929లో ఆ ఏటీపీని కనుగొన్నవారిలో కూడా సుబ్బారావు, ఫిస్క్ ఉన్నారు.

ఇప్పుడు కేంబ్రిడ్జిలో ఉన్న లలితా రామకృష్ణన్ బృందం జీబ్రా చేపల్లో, చేపలకు సోకే టీబీ దగ్గరి చుట్టంతో, ఇంకో కోణం చూపించింది. టీఎన్ఎఫ్ అనే రక్షణ సంకేతం తక్కువైతే క్రిమి పెరుగుతుంది. మరీ ఎక్కువైతే మాక్రోఫేజ్ మైటోకాండ్రియా మండిపోయి నెక్రోసిస్‌తో పగులుతుంది, అప్పుడూ క్రిమికే లాభం. రోగనిరోధక శక్తి ఎంత ఎక్కువైతే అంత మంచిదని నమ్మేవాళ్లకు నేను ఈ ప్రయోగమే చెబుతాను.

వైరసులదీ ఇదే దారి. ఎప్‌స్టీన్ బార్ వైరస్ బీసీఎల్-2కి నకలు లాంటి ప్రోటీన్‌ను సొంతంగా మోసుకొస్తుంది, దాని పేరు బీహెచ్ఆర్ఎఫ్1. తను దూరిన కణం చావకుండా కాపాడుకోవడానికి. ఆ వైరస్ లింఫోమాలకు కారణం కావడం కాకతాళీయం కాదు. క్యాన్సర్ వాళ్లు, ఇన్‌ఫెక్షన్ వాళ్లు వేర్వేరు అంతస్తుల్లో కూర్చొని ఒకే తాళం గురించి మాట్లాడుకుంటున్నామని నాకనిపిస్తుంది. మెల్‌బోర్న్‌లో బీసీఎల్-2 పని కనిపెట్టిన ఆ సంస్థలోనే 2023లో మనిషి రోగనిరోధక కణాలు పెట్టిన ఎలుకలకు వెనెటోక్లాక్స్ ఇచ్చి చూశారు. హెచ్ఐవీ మందులు ఆపాక వైరస్ తిరిగి లేవడం ఆలస్యమైంది. దాక్కున్న వైరస్ ఉన్న కణాలను చావు వైపు నెట్టడమే అక్కడి ఆలోచన. టీబీ సోకిన ఎలుకల్లో నావిటోక్లాక్స్‌ని టీబీ మందులకు జతచేసి, నెక్రోసిస్ తగ్గుతుందని కూడా చూపించారు. ఇవన్నీ ఎలుకల మాటలు. టీబీ పేషెంటుకు క్యాన్సర్ మాత్ర రాయమని దీని అర్థం కాదు. వెనెటోక్లాక్సే మా పెద్దాయనలో నిద్రపోతున్న టీబీని లేపిందా అని కూతురు అడిగింది. సీఎల్ఎల్ ఒక్కటే రోగనిరోధక శక్తిని చాలినంత దెబ్బతీస్తుందమ్మా, మందు మీద నేరం మోపలేం అన్నాను.

రెండు మందులు ఒకే ఒంట్లో ఇమడవు

అసలు చిక్కు ఇక్కడుంది. టీబీకి ప్రాణాధారం రిఫాంపిసిన్. అది కాలేయంలో సీవైపీ3ఏ ఎంజైమును విపరీతంగా పెంచుతుంది. రోజూ 600 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ రెండు వారాలు వాడితే ఒంట్లో వెనెటోక్లాక్స్ మోతాదు 71 శాతం పడిపోతుంది. 400 వేసుకున్నా 120 వేసుకున్నట్టే. క్యాన్సర్ కణానికి సగం సగం మందు చూపించడం కంటే చెడ్డ పని లేదు, అది మొండితేరుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలియదు. రిఫాంపిసిన్ మొదటి డోసు దీనికి సరిగ్గా తిరగబడి పనిచేస్తుంది. ఎంజైము పెరగడానికి రోజులు పడుతుంది, కానీ వెనెటోక్లాక్స్‌ను బయటికి తోసే రవాణా ప్రోటీన్లను రిఫాంపిసిన్ మొదటి రోజే అడ్డుకుంటుంది. ఒక్క డోసుతో ఒంట్లో వెనెటోక్లాక్స్ 78 శాతం పెరుగుతుంది. అంటే మొదటి రోజు ఓవర్‌డోసు, రెండు వారాలకు అండర్‌డోసు. దానికి తోడు పైరజినమైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. అప్పుడు రక్తంలో పెరిగిన యూరిక్ యాసిడ్ ట్యూమర్ లైసిస్‌దా, టీబీ మాత్రదా అని తేల్చుకోలేం. ఒకటి పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర, ఇంకోటి తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర. ఇవి రెండూ ఒక ఒంట్లో కాపురం చేయలేవు.

మాకున్న దారులు: రిఫాంపిసిన్ బదులు రిఫాబ్యుటిన్, లేదా రిఫాంపిసిన్ లేకుండా ఏడాది పైన వేరే మందులు, లేదా వెనెటోక్లాక్స్ ఆపేసి ముందు టీబీని పూర్తిగా తేల్చడం. రిఫాబ్యుటిన్ ఎంజైమును తక్కువే పెంచుతుంది, కానీ వెనెటోక్లాక్స్‌కి ఆ తక్కువ కూడా ఇబ్బందే, పైగా తెల్లకణాలు పడతాయి. రిఫాంపిసిన్ లేని వైద్యం పొడుగు, మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ. నేను మూడో దారి పట్టాను. కారణం ఒక్కటే: సీఎల్ఎల్ ఆగి చూడగల జబ్బు. లింఫోసైట్లు 6,000కి వచ్చి ఉన్నాయి, అది తొమ్మిది నెలల్లో మనిషిని చంపదు. టీబీ అలా ఆగదు. బోర్డు మీటింగులో ఒక సీనియర్ గట్టిగా ఎదురు చెప్పారు. పనిచేస్తున్న మందును ఆపుతామా, 17పీ ఉన్నవాడికి అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. అయినా ఇప్పటికీ నేను అదే నిర్ణయం తీసుకుంటాను.

వెనెటోక్లాక్స్ సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 26 గంటలు పడుతుంది. అందుకని అది ఆపి ఆరు రోజులు ఆగి టీబీ మందులు మొదలుపెట్టాం. గడ్డ టీబీకి ఆ ఆరు రోజులు నష్టం కాదు. అపిక్సబాన్‌ని కూడా రిఫాంపిసిన్ సగానికి పైగా పడగొడుతుంది. దాని బదులు వార్ఫరిన్ పెట్టి రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ ప్రతి వారం చూశాం, కనీసం కొలిచి మోతాదు పెంచుకోవచ్చు కదా. ఈ మూడో మందు సంగతి కొద్దిలో తప్పిపోయేదే. గుర్తుచేసింది మా వార్డు ఫార్మసిస్టు.

నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ టీబీ రిజిస్టరులో, నమోదయ్యారు. ఊళ్లో ఆశా కార్యకర్త వారం వారం వచ్చి మాత్రల పట్టీలు లెక్కపెట్టేది. "ఒంటేలు నారింజ రంగుల వస్తుంది, భయపడాలా?" అని మూడో రోజు ఫోన్ చేశారు పెద్దాయన. అది రిఫాంపిసిన్ ఒంట్లో ఉందన్నదానికి గుర్తు, రాకపోతేనే భయపడాలి అన్నాను. రెండు వారాల్లో జ్వరం పోయింది.

ఆరో వారంలో మెడలో అదే చోట మళ్లీ గడ్డ లేచింది, పైన చర్మం ఎర్రబడింది. ఇంట్లో అందరూ బెంబేలెత్తారు. మళ్లీ రిక్టరేనేమో అన్న అనుమానం మా గదిలో కూడా తిరిగింది. సూదితో చీము తీస్తే కల్చర్‌లో క్రిమి పెరగలేదు, లింఫోమా కణాలు లేవు. మందులు పనిచేస్తుండగా, చస్తున్న క్రిముల ముక్కల మీద ఒళ్లు ఎక్కువగా ఎదురుతిరగడం వల్ల వచ్చే వాపు ఇది, పారడాక్సికల్ రియాక్షన్ అంటాం. ప్రెడ్నిసొలోన్ కొన్ని వారాలు ఇచ్చాం. రిఫాంపిసిన్ దాన్ని కూడా సగానికి అరగదీస్తుంది కాబట్టి మామూలు కంటే ఎక్కువ మోతాదులో. తగ్గింది.

ఆయనకున్న రోగనిరోధక లోపం దృష్ట్యా ఆరు నెలల కోర్సును తొమ్మిది నెలలకు పొడిగించాం. ఆ చివరి నెలలో లింఫోసైట్లు 58,000కి ఎక్కాయి. మెడలో రెండు వైపులా గడ్డలు మళ్లీ తగిలాయి, ఈసారి ఎత్తూ లావూ సమానంగా, మెత్తగా, జ్వరం లేకుండా. సీఎల్ఎల్ గడ్డల తీరు అది.

మళ్లీ మొదటి స్టేజీ నుంచి

చివరి రిఫాంపిసిన్ మాత్ర తర్వాత రెండు వారాలు ఆగాం, ఎంజైము మామూలు స్థాయికి దిగడానికి. తర్వాత వెనెటోక్లాక్స్ 20 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలు. పెద్దాయనకు ఇది నచ్చలేదు.

"పోయినసారి 400 దాకా ఎక్కినా కదా డాక్టరమ్మా, మళ్లీ ఇరవై ఎందుకు?"

కణాలు మళ్లీ పోగుపడ్డాయి, ఒక్కసారిగా చంపితే కిడ్నీలు తట్టుకోలేవు అని చెప్పాను. కాసేపు ఆలోచించి తల ఊపారు. "బస్సు దిగి మళ్లీ ఎక్కినట్టు. పాత టికెట్ చెల్లదు, మొదటి స్టేజీ నుంచి కొట్టాలె." అంతకంటే బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను. ఇప్పుడు కొత్త పేషెంట్లకు ఆ మాటే వాడుతున్నాను.

మొదటి రెండు మెట్లకూ మళ్లీ వార్డులోనే. ఈసారి పొటాషియం కదల్లేదు, ఫాస్ఫరస్ కొద్దిగా ఎక్కి దిగింది. మూడో మెట్టులో ఒక గండం తప్పింది. దగ్గు వచ్చిందని ఊళ్లో చూపించుకుంటే క్లారిత్రోమైసిన్ రాశారు. అది సీవైపీ3ఏని గట్టిగా అడ్డుకునే మందు, మెట్లెక్కుతున్న రోజుల్లో వెనెటోక్లాక్స్‌తో కలవనే కూడదు. మాత్ర నోట్లో వేసుకోకముందే కూతురు పట్టీ ఫోటో తీసి నాకు పంపింది. వద్దని చెప్పి, ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించాం. టీబీ తిరగబెట్టలేదు. మామూలు జలుబు, నాలుగు రోజుల్లో పోయింది. ఆ ఫోటో రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం నాకిష్టం లేదు.

ఇప్పుడు రెండో విడత మొదలై పద్నాలుగు నెలలు. లింఫోసైట్లు 2,100, హిమోగ్లోబిన్ 12.8, ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. మెడలో పాత కోత గీత తప్ప తడిమితే ఏమీ తగలదు. పోయిన బరువు తిరిగొచ్చి ఇంకో రెండు కిలోలు పెరిగారు. అపిక్సబాన్‌ని తగ్గించిన మోతాదులో తిరిగి మొదలుపెట్టాం. మూడు నెలలకోసారి వస్తారు, రక్తపరీక్షతో పాటు ప్రతిసారీ బరువు, సాయంత్రం జ్వరం గురించి అడుగుతాను. పాత మచ్చ ఉన్న ఎక్స్‌రే ఇప్పుడు ఫైలులో అన్నిటికంటే పైన ఉంటుంది.

పోయిన వినాయక చవితికి ముందు రోజు ఫోన్ చేశారు. పాలవెల్లికి కట్టడానికి మనవడు పంపర పనస తెచ్చాడట. కట్టొచ్చా అని అడిగారు. కట్టండి, పూజ కాగానే పిల్లలకు పంచేయండి, మీరు మాత్రం ఒక్క తొన కూడా నోట్లో వేసుకోవద్దు అన్నాను.